దస్తావేజులో వ్రాసిన వెల - పంచాయతీకి చేరు సుంకము

గ్రామములో ఒక ఎకరము చేతులు మారినచో ఆ సంగతి మరునాటికి ఊరంతయు తెలియును. ఎవరు అమ్మిరో, ఎవరు కొనిరో, బేరము ఎంతకు కుదిరినదో రచ్చబండ దగ్గర చెప్పుకొందురు. కాని ఆ అమ్మకము వలన పంచాయతీకి ఎంత సొమ్ము రావలసి యున్నదో, అది ఏ లెక్క ప్రకారము వచ్చునో అడిగినచో చెప్పగలిగిన సభ్యులు కొద్దిమందియే. ఇంటిపన్ను బిల్లు పంచాయతీ కార్యాలయములోనే వ్రాయుదురు. కుళాయి రుసుము పంచాయతీ సిబ్బందియే వసూలు చేయుదురు. బదలాయింపు సుంకము మాత్రము సబ్-రిజిస్ట్రారు కచేరీలో పుట్టి, ఖజానా మార్గమున పంచాయతీ ఖాతాకు చేరును. మన చేతి మీదుగా రాని ఆదాయము గనుక దానిపై మనకు శ్రద్ధ తక్కువ. ఈ వ్యాసములో ఆ సుంకమునకు ఆధారమైన ఆస్తి విలువను ఎట్లు కట్టుదురో మాకు తెలిసినంతలో వివరింపదలచినాము.

ముందుగా ఒక చిక్కు విడదీయవలెను. క్రయ దస్తావేజును రిజిస్టరు చేయించుకొను వ్యక్తి మూడు విధములైన సొమ్ము చెల్లించును. మొదటిది స్టాంపు సుంకము. ఇది రాష్ట్ర ప్రభుత్వమునకు పోవును. రెండవది రిజిస్ట్రేషను రుసుము, ఇదియు ప్రభుత్వమునకే. మూడవది బదలాయింపు సుంకము, కచేరీ భాషలో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ; ఇది స్థానిక సంస్థల సొమ్ము. స్టాంపు సుంకముపై సర్‌ఛార్జి రూపమున దీనిని విధింతురు గనుక పలువురు దీనిని కూడ స్టాంపు సుంకములో భాగమనియే తలచుచున్నారు. అది పొరపాటు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టములోను, దాని స్థానమున వచ్చిన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టములోను ఈ సుంకము పంచాయతీల ఆదాయముగానే చెప్పబడినది. రిజిస్ట్రేషను శాఖ దానిని మన పక్షమున వసూలు చేయుచున్నది, అంతియే.

ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు దస్తావేజుపై స్టాంపు సుంకము నూటికి 5 రూపాయలు, బదలాయింపు సుంకము 1.50, రిజిస్ట్రేషను రుసుము 1 రూపాయి. తెలంగాణములో 2021 జూలైలో జరిగిన మార్పు ప్రకారము స్టాంపు సుంకము 5.50, బదలాయింపు సుంకము 1.50, రిజిస్ట్రేషను రుసుము అర్ధ రూపాయి. రెండు రాష్ట్రములందును మొత్తము నూటికి ఏడున్నర రూపాయలగును. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ప్రాంతమున వసూలైన సర్‌ఛార్జిని అయిదు పాళ్ళు చేసి, మూడు పాళ్ళు గ్రామ పంచాయతీకి, ఒక పాలు మండల పరిషత్తుకు, ఒక పాలు జిల్లా పరిషత్తుకు పంచు పద్ధతి కలదు.

నూటికి ఇంత యని రేటు తెలిసినంత మాత్రమున లెక్క తేలదు. ఏ నూటికి? అసలు ప్రశ్న అచ్చట నున్నది.

పూర్వము ఈ ప్రశ్నకు జవాబు సులభముగా నుండెడిది. దస్తావేజులో ఎంత వెల వ్రాసినారో దానిపైననే సుంకము. 1899 నాటి భారత స్టాంపు చట్టములోని 27వ సెక్షను ప్రకారము సుంకమునకు సంబంధించిన సంగతులన్నియు దస్తావేజులో నిజముగా వ్రాయవలెను. అట్లు వ్రాయనివారిపై అభియోగము తేవచ్చును. కాని వెల తక్కువగా వ్రాసినారని తోచినను, దానిని త్రోసిపుచ్చి వేరు వెల కట్టు అధికారము రిజిస్టరు చేయు అధికారికి లేకుండెను. పదివేలకు కొన్న పొలమును నాలుగు వేలకు కొన్నట్లు వ్రాయుట కొన్ని తావుల మామూలై పోయినది. వ్రాయువాడును సిగ్గుపడలేదు, చూచువాడును ఆశ్చర్యపడలేదు.

ఈ లోపమును సవరించుటకే స్టాంపు చట్టములో 47-ఏ అను సెక్షనును మన రాష్ట్రమునకు చేర్చినారు. దాని అమలుకై 1975లో తక్కువ విలువ కట్టుటను నివారించు నియమములు వచ్చినవి. అప్పటి నుండి సుంకమునకు ఆధారము ఉభయులు వ్రాసికొన్న వెల మాత్రమే కాదు. ఆస్తికి బజారులో నున్న విలువ కూడ. పిమ్మట 1998లో మార్కెట్టు విలువల మార్గదర్శక పట్టికల సవరణకు ప్రత్యేక నియమములు చేయబడినవి. సబ్-రిజిస్ట్రారు కచేరీలో మనము చూచు విలువల పట్టికకు ఆ నియమములే ఆధారము.

ఈ పట్టికను చదువుట కష్టము కాదు. వ్యవసాయ భూములకు సర్వే నంబరు వారీగా ఎకరమునకు ఇంత యని విలువ వ్రాసి యుండును. మెట్ట, మాగాణి, ఇండ్ల స్థలములకు అనువైనది, పెద్ద రోడ్డును ఆనుకొని యున్నది - ఇట్టి భేదములను బట్టి విలువ మారును. గ్రామకంఠములోని నివేశన స్థలములకు చదరపు గజము లెక్క. కట్టడమున్నచో దానికి వేరుగా చదరపు అడుగు లెక్కన విలువ కట్టుదురు: కాంక్రీటు శ్లాబు ఇంటికి ఒక రేటు, పెంకుటింటికి ఒకటి, రేకుల ఇంటికి మరొకటి. ఇంటి వయస్సును బట్టి కొంత తగ్గింపు నిత్తురు. అందుకే దస్తావేజుతో పాటు కట్టడపు వివరముల అనుబంధ పత్రమును జతపరుపవలసి యున్నది. ఇల్లున్న స్థలమును ఖాళీ స్థలమని వ్రాసి రిజిస్టరు చేయించుట మన గ్రామములలో అరుదు కాదు. అట్టి దస్తావేజు వలన స్థలపు విలువపై సుంకము వచ్చును గాని ఇంటి విలువపై ఒక పైసాయు రాదు. పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరులో ఆ ఇల్లు తలుపు నంబరుతో సహా ఉండును. దస్తావేజులో మాత్రము గడ్డి మొలచిన ఖాళీ స్థలముగా కనబడును!

పట్టికలోని విలువయు, దస్తావేజులో వ్రాసిన వెలయు రెండింటిలో ఏది ఎక్కువైన దానిపై సుంకము కట్టవలెను. ఈ చిన్న వాక్యమును సభ్యులు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. పట్టిక విలువ కన్న ఎక్కువకు కొన్నచో ఆ ఎక్కువ వెలపైననే సుంకము. తక్కువకు కొన్నట్లు వ్రాసినచో పట్టిక విలువపై సుంకము. అనగా పట్టిక విలువ కనీసపు మెట్టు. అదియే సరియైన వెల యని ఎవరును చెప్పలేదు. కాని వ్యవహారములో జరుగునది వేరు. దస్తావేజు వ్రాయు లేఖకుడు మొదట పట్టిక చూచును, ఆ అంకెనే వెలగా వ్రాయును. నిజముగా చేతులు మారిన సొమ్ము ఆ ఇద్దరికి, దేవునికి తెలియును.

ఒక లెక్క వేసి చూతము. ఒక గ్రామములో రెండున్నర ఎకరముల మాగాణి అమ్మకమునకు వచ్చినదనుకొందము. పట్టికలో ఆ సర్వే నంబరుకు ఎకరము 12 లక్షలు. కనుక పట్టిక విలువ 30 లక్షల రూపాయలు. దస్తావేజులో 22 లక్షలని వ్రాసినారు. అయినను సుంకము 30 లక్షలపైననే వసూలు చేయుదురు: ఆంధ్రప్రదేశ్ రేట్ల ప్రకారము స్టాంపు సుంకము లక్షా యేబది వేలు, బదలాయింపు సుంకము 45,000, రిజిస్ట్రేషను రుసుము 30,000. బదలాయింపు సుంకములో మూడు పాళ్ళు, అనగా 27,000 రూపాయలు పంచాయతీకి రావలెను. పట్టికయే లేకున్నచో 22 లక్షలపై 33,000 సుంకమే వచ్చి, పంచాయతీకి 19,800 మాత్రమే చేరెడిది. ఇంతవరకు పట్టిక మేలు చేసినది. కాని ఆ పొలమునకు కొనుగోలుదారు నిజముగా ఇచ్చినది 40 లక్షలైనచో? అప్పుడు సుంకము 60,000, పంచాయతీ పాలు 36,000 కావలెను. ఒక్క దస్తావేజులో తొమ్మిది వేలు తగ్గినది. ఏడాదిలో ఇట్టివి ఇరువది జరిగినచో లక్షా ఎనుబది వేలు. ఒక వీధికి మురుగు కాలువ కట్టుటకు సొమ్ము లేదని తీర్మానము వ్రాసికొను పంచాయతీకి ఇది చిన్న మొత్తము కాదు.

అమ్మకమునకే కాక మరికొన్ని దస్తావేజులకును ఈ సుంకము కలదు. దానపత్రమునకు ఆస్తి విలువపై. మార్పిడి దస్తావేజునకు రెండు ఆస్తులలో ఎక్కువ విలువ గల దానిపై. స్వాధీన తనఖాకు, అనగా భూమి అనుభవము అప్పిచ్చిన వానికి అప్పగించు తనఖాకు, అప్పు మొత్తముపై. శాశ్వత కౌలునకు లెక్క కొంచెము వింతగా నుండును: మొదటి యేబది యేండ్ల కౌలు మొత్తములో ఆరవ వంతుపై సుంకము కట్టుదురు. వీలునామాకు ఈ సుంకము లేదు.

ఏ నాటి విలువను చూడవలెను అను సందేహము తరచు వచ్చును. మూడేండ్ల క్రిందట బయానా ఇచ్చి అగ్రిమెంటు వ్రాసికొన్నాము, ఆనాటి ధర ప్రకారమే సుంకము కట్టుదుమని కొందరు వాదింతురు. ఆ వాదము నిలువదు. అగ్రిమెంటు నాటి వెల కాక, క్రయ దస్తావేజు ఏర్పడు నాటి మార్కెట్టు విలువయే ప్రమాణమని రాజస్థాన్‌కు సంబంధించిన యొక వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2007లో తీర్పు చెప్పినది. కనుక బయానా ఇచ్చి సంవత్సరముల తరబడి రిజిస్ట్రేషను వాయిదా వేయువారు ఆ ఖర్చు తాము పెంచుకొనుచున్నారని తెలిసికొనవలెను.

పట్టిక విలువ అన్యాయముగా ఎక్కువగా నున్నదని తోచినచో రైతునకు దారి లేదా? ఉన్నది. చవుడు పట్టిన చేనికి, పక్కనున్న మంచి మాగాణికి పట్టికలో ఒకే విలువ పడుట కలదు. వాగు కోసిన భూమి, దారి లేని భూమి, వివాదములో నున్న భూమి - వీటికి బజారులో అంత వెల రాదు. అట్టి సందర్భములో దస్తావేజును పెండింగులో నుంచి, విలువ నిర్ణయమునకై పైఅధికారికి పంపుమని సబ్-రిజిస్ట్రారును కోరవచ్చును. చట్టములో ఆ అధికారిని కలెక్టరు అన్నారు. వ్యవహారములో ఆ పని జిల్లా రిజిస్ట్రారు చేయును. అయితే సబ్-రిజిస్ట్రారు లెక్క ప్రకారము తక్కువ పడిన సుంకములో సగము ముందుగా జమ కట్టవలెను. అధికారి ఉభయపక్షముల మాటలు విని, అవసరమైనచో భూమిని చూచి, విలువ నిర్ణయించును. ఆ నిర్ణయమునకు సమ్మతింపనివారు నిర్ణీత గడువులో అప్పీలు చేసికొనవచ్చును. ఈ సౌకర్యమును వాడుకొను రైతులు బహు కొద్దిమంది. సగము సొమ్ము ముందు కట్టవలెనన్న భయమొకటి, కచేరీల చుట్టు తిరుగుట మరియొకటి కారణములు. భయము నిజమైనదే, అందుకని దారి మూసికొని పోయినదని చెప్పుట మాత్రము నిజము కాదు.

ఇక సభ్యులు మనస్సుకు పట్టించుకొనవలసిన మరొక విషయమున్నది. సుంకము కన్న ఇది పెద్దది. దస్తావేజులో తక్కువ వెల వ్రాయుట వలన నష్టపోవునది పంచాయతీ ఒక్కటియే కాదు. ఆ ఊరి రైతులందరును నష్టపోవుదురు.

ఎట్లన, 2013లో పార్లమెంటు చేసి, 2014 జనవరి 1 నుండి అమలు లోనికి వచ్చిన భూసేకరణ చట్టములోని 26వ సెక్షను చూడుడు. కాలువకో, రోడ్డుకో, రైలు మార్గమునకో ప్రభుత్వము భూమి తీసికొనునపుడు దాని మార్కెట్టు విలువను ఎట్లు కట్టవలెనో అందు చెప్పినారు. స్టాంపు చట్టము క్రింద ఆ ప్రాంతమునకు నిర్ణయించిన విలువ ఒకటి. ఆ గ్రామములోను సమీప ప్రాంతములోను అట్టి భూములకు జరిగిన అమ్మకముల సగటు వెల మరొకటి. కొన్ని రకముల ప్రాజెక్టులకు ఉభయులు అంగీకరించిన మొత్తము ఇంకొకటి. వీటిలో ఏది ఎక్కువో అది విలువ. సగటు కట్టుటకు గడచిన మూడేండ్లలో రిజిస్టరైన దస్తావేజులను తీసి, వానిలో ఎక్కువ వెల గల సగము దస్తావేజులను మాత్రమే లెక్కకు తీసికొందురు. అట్లు తేలిన విలువను గ్రామీణ ప్రాంతములలో ఒకటికి తక్కువ కాకుండ, రెండుకు మించకుండ ఒక గుణకముతో హెచ్చించి, దానిపై నూటికి నూరు చొప్పున ఓదార్పు పరిహారము చేర్చుదురు. జాతీయ రహదారులకు తీసికొను భూములకును 2015 నుండి ఈ పరిహారపు లెక్కయే వర్తించుచున్నది.

ఇప్పుడు వెనుకటి లెక్కకు రండి. ఎకరము 16 లక్షలకు కొని 12 లక్షలని వ్రాసినవాడు సుంకములో కొంత మిగుల్చుకొన్నాడు. రెండేండ్లకు ఆ ఊరి మీదుగా రోడ్డు వచ్చినది. భూసేకరణ అధికారి ఎదుట ఊరి రైతులందరు, మా పొలము పదునారు లక్షలు చేయునని మొరపెట్టుకొందురు. అధికారి దస్తావేజుల కట్ట తెరచి చూపును: మీ ఊరిలో అమ్మకములన్నియు పన్నెండు లక్షలకే జరిగినవి గదా! ఎవరి చేతివ్రాత వారికే ఎదురు సాక్ష్యమగును. ఒక ఎకరమునకు నాలుగు లక్షల తేడా, ఓదార్పు పరిహారముతో కలిపి ఎనిమిది లక్షలగును. గుణకము ఒకటికి మించినచో ఇంకను హెచ్చగును. తక్కువ వ్రాసినవాడు ఒకడు. నష్టపోయినవారు అతని పొలము చుట్టు నున్న పదిమంది. మేము ఈ మాట ఎక్కడ చెప్పినను వెంటనే ఎవరో ఒకరు తమ తాలూకాలో జరిగిన కథ యొకటి చెప్పుచున్నారు.

పట్టిక విలువల విషయములో పాత తీర్పు యొకటి కూడ తెలిసికొనదగినది. సుంకము వసూలునకు తయారు చేసిన ప్రాథమిక విలువల రిజిస్టరును పట్టుకొని భూసేకరణ పరిహారము నిర్ణయింపరాదని ఆదిలాబాదుకు సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1994లో చెప్పినది. ఆనాటి రిజిస్టరునకు చట్టబద్ధమైన ఆధారము లేదనుట దానికి కారణము. 1998 నియమములతో పట్టికకు ఆధారము ఏర్పడినది. 2013 చట్టము ఆ విలువను పరిహారపు లెక్కలోనికి సూటిగా తెచ్చినది. కావున నేడు పట్టిక తగ్గియుండుట రైతునకు లాభమా నష్టమా అను ప్రశ్నకు జవాబు, అతడు రేపు కొనునా, అమ్మునా, లేక భూమిని ప్రభుత్వమునకు అప్పగింపవలసి వచ్చునా అను దానిని బట్టి యుండును.

ఈ పట్టికను సవరించునది రెవెన్యూ అధికారి అధ్యక్షతన ఏర్పడు సంఘము. సబ్-రిజిస్ట్రారు దానికి కన్వీనరు. గ్రామములలో రెండేండ్లకొకసారి సవరింపవలెనని నియమమున్నను ఆచరణలో కొన్నిసార్లు చాల ఆలస్యమగును. తెలంగాణములో 2013 నాటి విలువలే 2021 జూలై వరకు సాగినవి. మరల 2022 ఫిబ్రవరిలో సవరించినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుండి పలు ప్రాంతములలో కొత్త విలువలు వచ్చినవి. సవరణ సమయమున ముసాయిదా విలువలను ప్రకటించి అభ్యంతరములను స్వీకరింతురు. పంచాయతీ నోరు విప్పవలసిన సమయమదియే. కొత్తగా రోడ్డు పడిన సర్వే నంబరులు ఏవి, ప్లాట్లుగా మారినవి ఏవి, ముంపునకు గురియగునవి ఏవి - ఈ సంగతులు జిల్లా కేంద్రములో కూర్చున్నవారి కన్న వార్డు సభ్యునికి బాగుగా తెలియును. పంచాయతీ సమావేశములో చర్చించి, సర్వే నంబరుల పట్టికతో వ్రాతమూలకముగా పంపిన అభ్యంతరమునకు బరువుండును. సవరణ అయిపోయిన తరువాత గ్రామసభలో ఆవేశపడిన ప్రయోజనము లేదు.

విలువ సరిగా కట్టినను సొమ్ము మన పంచాయతీకే వచ్చుట మరియొక సంగతి. సర్వే నంబరులు రెవెన్యూ గ్రామమును బట్టి యుండును. పంచాయతీ హద్దులు వేరుగా నుండవచ్చును. ఒక రెవెన్యూ గ్రామములో రెండు మూడు పంచాయతీలుండుట కలదు. తెలంగాణములో 2018లో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు ఏర్పడి, అనేక తండాలు, గూడెములు స్వతంత్ర పంచాయతీలైనవి. దస్తావేజులో రెవెన్యూ గ్రామము పేరు మాత్రమే వ్రాసి ఊరుకొన్నచో తండా పంచాయతీకి రావలసిన పాలు పాత పంచాయతీ లెక్కలో పడు ప్రమాదమున్నది. ఆస్తి కొంత ఒక పంచాయతీలోను, కొంత వేరొక స్థానిక సంస్థ హద్దులోను ఉన్నచో వేరువేరుగా వివరములు, విలువ వ్రాయవలెనని చట్టమే చెప్పుచున్నది. దస్తావేజు వ్రాయించుకొను గ్రామస్థులకు ఈ సంగతి చెప్పి పంపుట సర్పంచికి పెద్ద పని కాదు.

సొమ్ము విడుదలలో ఆలస్యము జరుగుచున్నదని పంచాయతీలు ఫిర్యాదు చేయుట మేమెరుగుదుము. ఫిర్యాదు చేయుటకైనను మనకు ఎంత రావలెనో తెలిసి యుండవలెను గదా. మూడు నెలలకొకసారి పంచాయతీ కార్యదర్శి సబ్-రిజిస్ట్రారు కచేరీకి వ్రాసి, తమ పంచాయతీ హద్దులో రిజిస్టరైన దస్తావేజుల సంఖ్యను, వసూలైన బదలాయింపు సుంకమును తెప్పించుకొని, ఖజానా ఖాతాతో సరిచూచినచో తేడా యెక్కడ నున్నదో బయటపడును. తెలంగాణములో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను 2020 నవంబరు నుండి తహశీల్దారు కచేరీలలో జరుగుచున్నది. ఇండ్లు, నివేశన స్థలములు మాత్రము సబ్-రిజిస్ట్రారు వద్దనే. అక్కడి కార్యదర్శి రెండు కచేరీలకును వ్రాయవలసి యుండును.

ఏ సర్వే నంబరుకు ఎంత విలువ యున్నదో తెలిసికొనుటకు మధ్యవర్తి అవసరము లేదు. రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో జిల్లా, మండలము, గ్రామము ఎన్నుకొని చూడవచ్చును. కాగితము కావలసినచో కొద్ది రుసుముపై సబ్-రిజిస్ట్రారు మార్కెట్టు విలువ ధ్రువపత్రము నిచ్చును. దానిపై సర్వే నంబరు, ఎకరము లేక గజము వెల, అది ఏ తేదీ నాటి విలువ అను మూడు సంగతులును ఉన్నవో లేవో అచ్చటనే చూచుకొని తీసికొనవలెను.